ఎఫ్‌డీ మధ్యలో తీసేయాలా, దాని మీద అప్పు తీసుకోవాలా?

జూన్, జులై నెలల్లో ఏ బ్యాంకు బ్రాంచిలో కాసేపు కూర్చున్నా ఒక మాట చెవిన పడుతుంది: “ఎఫ్‌డీ బ్రేక్ చేద్దామని వచ్చాం సార్, పెనాల్టీ ఎంత పడుతుంది?” పిల్లకు ఇంజినీరింగ్ సీటొచ్చి ఫీజు కట్టాల్సినవాళ్లు, ప్లాటు రిజిస్ట్రేషన్ దగ్గరపడ్డవాళ్లు, ఆస్పత్రి బిల్లు నెత్తిన పడ్డవాళ్లు అందరూ అడిగేది ఇదే. కౌంటర్లో వచ్చే జవాబూ ఇంచుమించు ఒకటే. అర శాతం అంటారు, లేదా ఒక శాతం అంటారు. అది విని ‘ఇంతేనా’ అని సంతకం పెట్టేసేవాళ్లున్నారు. ‘అమ్మో, వడ్డీ పోతుంది’ అని వెనక్కి తిరిగి, ఇంకెక్కడో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ అసలు లెక్క జోలికి పోలేదు. ఈ వ్యవహారంలో పెనాల్టీ అన్నది అన్నిటికన్నా చిన్న అంకె.

ముందే తీసేస్తామన్నప్పుడు బ్యాంకు చూసేది ఆ డబ్బు నిజంగా ఎన్నాళ్లుందన్నది. ఏడాదికని వేసి తొమ్మిది నెలలకే తీస్తే ఏడాది రేటు వర్తించదు. వేసిన రోజున తొమ్మిది నెలల డిపాజిట్‌కు ఏ రేటుందో అది తీసుకుంటారు. ఆ రేటు, ఒప్పుకున్న రేటు రెండిట్లో ఏది తక్కువైతే అది. పెనాల్టీని ఆ తర్వాత అందులోంచి కోస్తారు. స్టేట్ బ్యాంకులో 5 లక్షల దాకా ఉన్న రిటైల్ డిపాజిట్‌కు అది అర శాతం, అంతకు మించితే ఒక శాతం. వారం కూడా నిండకుండా తీస్తే ఏ బ్యాంకులోనూ వడ్డీ రాదు. అంటే కోత రెండుసార్లు పడుతుంది. కౌంటర్లో చెప్పేది రెండోది, జేబుకు ఎక్కువ తగిలేది మొదటిది.

ఒక లెక్క వేద్దాం. 5 లక్షలు, ఏడాది గడువు, 7 శాతం. ఆరు నెలలు దాటి ఏడాది లోపు ఉన్న డిపాజిట్‌కు ఆ రోజు రేటు 6.25 అనుకుందాం, పెనాల్టీ అర శాతం. తొమ్మిది నెలలు నిండాక తీస్తే వచ్చేది 5.75 శాతం చొప్పున 21,562 రూపాయలు. ఇంకో మూడు నెలలు ఆగితే 35,000. (బ్యాంకులు మూడు నెలలకోసారి చక్రవడ్డీ కడతాయి. ఇక్కడ తేలిగ్గా ఉండటానికి బారు వడ్డీ వేశాను.) అంటే ఈ రోజు చేతికొచ్చే 5,21,562 రూపాయలు ఇంకో మూడు నెలలు అక్కడే ఉంటే 13,438 రూపాయలు తెస్తాయి. ఏడాది లెక్కకు మారిస్తే 10.3 శాతం. రసీదు మీద 7 అని ఉన్నా, మిగిలిన మూడు నెలలకు ఆ డిపాజిట్ సంపాదన పదికి పైనే.

పదకొండు నెలలు గడిచాక ఇదే డిపాజిట్ తీస్తే 26,354 వస్తుంది. ఆఖరి నెల ఆగితే అదనంగా 8,646, ఏడాది లెక్కన దాదాపు 19.7 శాతం. నెలాగితే పోయేదానికి తొందరపడి బ్రేక్ చేసేవాళ్లు తమకు తెలియకుండానే ఇంత వడ్డీకి అప్పు తెచ్చుకున్నట్టు. మరోవైపు వేసిన మూడు నెలలకే తీసేద్దామనుకుంటే కథ మారిపోతుంది. ఆ మూడు నెలలకు పెనాల్టీ పోను 5 శాతం వచ్చిందనుకుంటే 6,250 చేతికొస్తుంది. మిగిలిన తొమ్మిది నెలలూ ఉంచితే వచ్చే సంపాదన ఏడాదికి 7.6 శాతమే. గడువు దగ్గరపడే కొద్దీ డిపాజిట్ విలువ పెరుగుతుందన్నమాట. ‘ఇప్పటిదాకా వచ్చిన వడ్డీ పోతుందే’ అన్న బాధతో నిర్ణయం తీసుకోకూడదు. ఈ రోజు ఎంత వస్తుంది, ఇక్కణ్నుంచి ఉంచితే ఎంత వస్తుంది, ఈ రెండే చూడాలి. చాలా బ్యాంకుల యాప్‌లలో క్లోజర్ నొక్కాక, ఖాయం చేసే ముందు, ఎంత రేటు వర్తిస్తుందో ఎంత సొమ్ము పడుతుందో కనిపిస్తుంది. మొదటి అంకె అక్కడ దొరుకుతుంది. రెండోది రసీదు మీదే ఉంటుంది.

ఇక బ్యాంకువాళ్లు ఇచ్చే సలహా: బ్రేక్ చేయకండి, దాని మీదే లోన్ తీసుకోండి. ఇందులో వాళ్ల లాభం వాళ్లకుంది గానీ, సలహా చాలాసార్లు సరైనదే. డిపాజిట్‌లో 90 శాతం దాకా ఇస్తారు, వడ్డీ డిపాజిట్ రేటు మీద ఒక శాతం అటూఇటూ ఎక్కువ. ఓవర్‌డ్రాఫ్ట్‌గా తీసుకుంటే వాడిన రోజులకే వడ్డీ. పై ఉదాహరణలో తొమ్మిది నెలల దగ్గర నిలబడ్డవాడికి 8 శాతానికి అప్పు దొరుకుతుంటే, 10.3 శాతం సంపాదిస్తున్న డిపాజిట్‌ను తీయనక్కర్లేదు. మూడు నెలల దగ్గరున్నవాడికి డబ్బు ఒక నెలకే కావాలంటే అప్పుడూ లోనే మేలు. 4 లక్షలకు నెల వడ్డీ 2,667 రూపాయలతో పోతుంది, డిపాజిట్ తన దారిన తాను నడుస్తుంది. అదే మనిషికి ఆ డబ్బు మిగిలిన తొమ్మిది నెలలూ తిరిగి వచ్చే దారి లేదంటే, 7.6 సంపాదించే దాన్ని అట్టేపెట్టి 8 కట్టడంలో అర్థం లేదు. తీసేయడమే మంచిది.

పన్ను సంగతి మాత్రం ఏ కౌంటర్లోనూ చెప్పరు. ఎఫ్‌డీ వడ్డీ మీద మన శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. సొంత ఖర్చుకు తీసుకున్న అప్పు మీద కట్టిన వడ్డీని ఆ ఆదాయంలోంచి మినహాయించుకోలేం. 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి ఆ 10.3 శాతం సెస్సుతో కలిపి పన్ను పోను 7.1కి దిగుతుంది, కట్టే 8 మాత్రం 8గానే ఉంటుంది. అక్కడ లోన్ గెలిచిందనుకున్న ఆట తిరగబడుతుంది. పెన్షన్ మీద బతికే తండ్రికి, ఐటీ ఉద్యోగం చేసే కొడుక్కి ఒకే డిపాజిట్ మీద రెండు వేర్వేరు జవాబులు రావడం ఇందుకే. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడని తండ్రి లోన్ తీసుకోవచ్చు. కొడుకు పన్నుతో సహా లెక్క వేసుకోవాలి.

పెద్దవాళ్ల సలహా ఇంకోటి ఉంది: డిపాజిట్ ముట్టుకోవద్దు, నగలు బ్యాంకులో పెట్టి తెచ్చుకోండి. వడ్డీ పరంగా చూస్తే ఇది తరచు నష్టం బేరమే. బంగారం మీద అప్పుకు బ్యాంకు వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ లోన్ కంటే ఎక్కువ, ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీల్లో ఇంకా ఎక్కువ. అయినా ఆ సలహాను కొట్టిపారేయలేను. అందులో ఉన్నది మనిషి గుణం. బ్రేక్ చేసిన ఎఫ్‌డీ మళ్లీ పడటం అరుదు. ఐదు లక్షలు తీసి మూడు వాడితే, మిగిలిన రెండూ సేవింగ్స్ ఖాతాలో 2.5 శాతానికి నానుతూ ఏ ఫోన్‌కో, ఏ పెళ్లి కట్నాలకో కరిగిపోతాయి. తాకట్టు పెట్టిన గాజులు మాత్రం విడిపించేదాకా ఇంట్లో ఊరుకోరు. ఆ ఒత్తిడికి ఏడాదికి రెండు శాతం ఖరీదు పెట్టినా కొన్ని ఇళ్లకు అది గిట్టుబాటే. తనను తాను ఎరిగినవాడు దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద నష్టం మాత్రం బయటి అప్పుల దగ్గర. మన దగ్గర వడ్డీ రెండు భాషల్లో నడుస్తుంది. బ్యాంకుది ఏడాదికి నూటికింత, ఊళ్లోది నెలకు నూటికింత. ‘ఎఫ్‌డీ ఏడు తెస్తోంది, దాన్నెందుకు తీయడం? ఫలానావాళ్లు రెండుకే ఇస్తామన్నారు’ అనే మాటలో ఏడు పెద్దదిగా, రెండు చిన్నదిగా వినిపిస్తుంది. నూటికి రెండంటే ఏడాదికి 24, మూడంటే 36. క్రెడిట్ కార్డు బాకీ కట్టకుండా వదిలితే పడే వడ్డీ కూడా ఆ చుట్టుపక్కలే, కొన్నిసార్లు 40 దాటుతుంది. ఎఫ్‌డీ ఉంచుకుని ఇలాంటి అప్పు మోసే కుటుంబాలు కోస్తాలోనూ తెలంగాణలోనూ కొల్లలు. వీళ్ల విషయంలో ఏ నెలలో ఉన్నామన్న ప్రశ్నే లేదు. ఆఖరి నెలలు మినహాయిస్తే, వెంటనే తీసి ఆ అప్పు తీర్చేయాల్సిందే. ఆఖరి నెలల్లో ఉంటే ఎఫ్‌డీ మీద లోన్ తీసుకుని తీర్చాలి.

డబ్బు అవసరం లేకపోయినా బ్రేక్ చేయాలనిపించే సందర్భం వడ్డీ రేట్లు పెరిగినప్పుడు వస్తుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. 5 శాతం పైచిలుకుకు వేసుకున్నవాళ్ల కళ్ల ముందే పక్కింటివాళ్లు 7 దరిదాపుల్లో వేశారు. అప్పుడు పాతది తీసి కొత్తగా వేయడం లాభమా? ఎంత గడువు మిగిలిందన్న దాన్ని బట్టి. 5 లక్షలు మూడేళ్లకు 5.3 శాతానికి వేసి ఎనిమిది నెలలైందనుకోండి. తీస్తే ఆ ఎనిమిది నెలలకు పెనాల్టీ పోను 3.9 శాతమే దక్కిందనుకున్నా, వెనక పోయేది 4,667 రూపాయలు. మిగిలిన 28 నెలలకు 6.75 శాతం దొరికితే ముందు వచ్చే అదనం 16,900 పైన. కళ్లు మూసుకుని మార్చొచ్చు. అదే డిపాజిట్‌కు ఆరు నెలలే మిగిలి ఉంటే వెనక పోయేది ఎక్కువ, ముందు వచ్చేది తక్కువ. అక్కడ మారిస్తే బ్యాంకుకు లాభం చేసిపెట్టినట్టే.

2025లో గాలి ఎదురు తిరిగింది. ఆ ఏడాది రెపో 6.5 నుంచి 5.25కు దిగింది, డిపాజిట్ రేట్లూ వెంటే జారాయి. ఇలాంటప్పుడు పాత రేటుకు వేసిన ఎఫ్‌డీ మళ్లీ దొరకని సరుకు. ‘తర్వాత మళ్లీ వేసుకుందాంలే’ అని తీసేస్తే మళ్లీ వేసేటప్పటికి ఆ రేటు బోర్డు మీద ఉండదు. పెనాల్టీ లెక్కలో కనపడని ఈ నష్టాన్నీ చూసుకోవాలి. రేట్లు పడుతున్న కాలంలో లోన్ వైపు ఒక మెట్టు ఎక్కువ మొగ్గు చూపడం సబబు.

బ్యాంకు దాటి బయటికొస్తే నిబంధనలు ఇంకా కఠినం. పోస్టాఫీసు టైమ్ డిపాజిట్‌ను ఆరు నెలలు నిండేదాకా ముట్టుకోనివ్వరు. ఆరు నెలల నుంచి ఏడాది లోపు తీస్తే పోస్టాఫీసు సేవింగ్స్ వడ్డీ 4 శాతమే. ఏడాది దాటాక అయితే, నిండిన సంవత్సరాల రేటులో 2 శాతం కోత. నెలనెలా వడ్డీ వచ్చే మంత్లీ ఇన్‌కం స్కీములో కోత వడ్డీ మీద కాదు, అసలు మీదే పడుతుంది. ఏడాది నుంచి మూడేళ్ల లోపు తీస్తే 2 శాతం, ఆ తర్వాత ఒక శాతం. ఒక్కరి పేరు మీద గరిష్ఠం 9 లక్షలు వేసినవాళ్లకు 18,000 రూపాయలు, 7.4 శాతం రేటు మీద మూడు నెలల వడ్డీకి పైమాటే. సీనియర్ సిటిజన్ స్కీమును ఏడాది లోపు మూసేస్తే అక్కడా కోత అసలులోంచే పడుతుంది. బ్యాంకులోదే అయినా, పన్ను ఆదా కోసం వేసే అయిదేళ్ల ఎఫ్‌డీ ఇంకా బిగువు. ముందుగా తీయడం కుదరదు, దాని మీద లోనూ ఇవ్వరు.

ఎక్కువ వడ్డీ ఆశతో ఫైనాన్స్ కంపెనీల్లో వేసినవాళ్లకు మొదటి మూడు నెలలు మామూలుగా తలుపు మూసే ఉంటుంది. 2025 జనవరి నుంచి అత్యవసరమైతే కొంత భాగం వడ్డీ లేకుండా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. మూడు నుంచి ఆరు నెలల మధ్య తీస్తే అసలు వస్తుంది, వడ్డీ రాదు. ఆరు నెలల తర్వాత ఉన్నన్నాళ్ల రేటులో రెండు శాతం కోత. బ్యాంకు కన్నా ఒక శాతం ఎక్కువని వేసి ముందే తీసుకుంటే, ఆ ఒక శాతమూ పోయి ఇంకో శాతం కూడా పోతుంది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వేసినవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఏడాది గీత ఒక్కటే. ఏడాది నిండకుండా తీస్తే వడ్డీ సున్నా. 10 లక్షలు 6.75 శాతానికి వేసి పదకొండు నెలలకు తీస్తే ఏమీ రాదు, ఇంకో నెల ఆగితే 67,500 రూపాయలు. 2025 మొదట్లో డాలరుకు 85 చుట్టూ ఉన్న రూపాయి డిసెంబరుకు 90 దాటేసరికి, వెనక్కి డాలర్లు చేసుకుందామని గాభరాపడ్డవాళ్లు ఉన్నారు. ఏడాది వడ్డీలో చాలాభాగాన్ని మారకపు రేటు మింగేసిన మాట నిజమే. కానీ రూపాయి ఇంకా పడుతుందన్న అంచనా మీద చేతికి రాబోయే వడ్డీని వదులుకోవడం జూదమే అవుతుంది.

తెలుగు ఇళ్లలో ‘ముందే తీసుకోవాలా’ అన్న ప్రశ్న ఎఫ్‌డీ కన్నా ముందు పుట్టింది చీటీల్లో. లక్ష రూపాయల చీటీ, ఇరవై నెలలు, నెలకు 5,000. ఐదో నెలలో అవసరం పడి 25 వేలు తగ్గించి పాడితే 75 వేలు చేతికొస్తాయి. అప్పటికి డివిడెండ్ పోను సగటున నాలుగు వేల చొప్పున 20 వేలు కట్టి ఉంటే, అవి మన సొమ్మే. నిజంగా అప్పుగా వచ్చింది 55 వేలు. మిగిలిన పదిహేను నెలలు సగటున 4,500 చొప్పున కడితే మొత్తం 67,500. లెక్క కడితే నెలకు నూటికి రెండున్నర దాటుతుంది. పాట పాడుతున్నప్పుడు ఎవరికీ ఇది వడ్డీలా అనిపించదు. ‘ఇరవై ఐదు వేలు పోయింది’ అనిపిస్తుంది, అదీ కొంత డివిడెండ్‌గా తిరిగొస్తుందిలే అనిపిస్తుంది. పైగా రిజిస్టర్డ్ కంపెనీల్లో పాట గెలిచినా జామీనుదారుల సంతకాలు కుదిరేదాకా డబ్బు చేతికి రాదు. రేపటి ఆస్పత్రి బిల్లుకు ఇది పనికిరాదు. ఇంట్లో ఎఫ్‌డీ ఉండగా చీటీ మధ్యలో పాడటానికి సబబైన కారణం నాకు కనిపించదు. చివరి నెలల్లో తగ్గింపు పడిపోయాక పాడుకోవడం వేరే సంగతి.

మ్యూచువల్ ఫండ్ల లిక్విడ్ పథకాల్లో ఈ తలనొప్పి తక్కువ. వారం లోపు తీస్తేనే ఎగ్జిట్ లోడ్, అదీ నామమాత్రం. ‘ఎప్పుడంటే అప్పుడు’ అన్న మాటను మాత్రం పూర్తిగా నమ్మలేం. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ పథకాలను ఒక్కసారిగా మూసేసింది. వాటిలో అల్ట్రా షార్ట్ బాండ్ ఫండ్, లో డ్యురేషన్ ఫండ్ కూడా ఉన్నాయి. స్వల్పకాలానికని పెట్టుకున్నవాళ్లు తర్వాత విడతలవారీగా డబ్బు అందుకున్నారు, కానీ అవసరమైన నెలలో కాదు. రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్‌లో కొనే 91, 182, 364 రోజుల ట్రెజరీ బిల్లులదీ దాదాపు అదే తీరు. గడువుదాకా ఉంచితే నిక్షేపం, మధ్యలో అమ్మాలంటే చిన్న మొత్తాలకు కొనేవాళ్లు దొరకడం కష్టం.

బ్యాంకు మునిగిపోతుందన్న పుకారుతో తీసేసేవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 2001లో హైదరాబాద్‌లో కృషి బ్యాంకు కూలిన రోజులు గుర్తున్నవాళ్లకు ఆ భయం ఊరికే పోదు. 2020 మార్చి 5న యెస్ బ్యాంకులో తీసుకోగలిగే మొత్తాన్ని 50 వేలకు కట్టేసినప్పుడు జనం పరుగెత్తారు. మార్చి 18కల్లా ఆంక్షలు ఎత్తేశారు, డిపాజిటర్లకు పైసా పోలేదు. అంతకు ఆరు నెలల ముందు ముంబై పీఎంసీ సహకార బ్యాంకులో మాత్రం పెద్ద డిపాజిటర్లు ఏళ్ల తరబడి ఇరుక్కున్నారు. అసలు, వడ్డీ కలిపి 5 లక్షల లోపు ఉంటే డిపాజిట్ బీమా ఉంది. ఆ లోపున్నవాళ్లు పుకారు విని పెనాల్టీ కట్టుకోనక్కర్లేదు. ఏ పట్టణ సహకార బ్యాంకులోనో దాన్ని మించి ఉంటే, మించిన భాగం తీసుకోవడానికి పుకారు దాకా కూడా ఆగనక్కర్లేదు.

మరో రకం భయం ఈ మధ్య పెరిగింది. ‘డిజిటల్ అరెస్ట్’ అని ఫోన్లో బెదిరించి పెద్దవాళ్ల చేత ఎఫ్‌డీలు తీయించే మోసగాళ్లున్నారు. అంచేత, అరవై దాటినవాళ్లు కంగారుగా వచ్చి ఉన్న డిపాజిట్లన్నీ ఒకేసారి తీసేయమంటే కౌంటర్లో అమ్మాయి ‘ఎందుకమ్మా?’ అని అడిగితే విసుక్కోకండి.

ఈ నిర్ణయంలో సగం డిపాజిట్ వేసే రోజే అయిపోతుంది. 8 లక్షలు ఒకే రసీదుగా వేస్తే, అవసరం లక్షన్నరే అయినా చాలాచోట్ల మొత్తం తీయాలి, ఒక శాతం కోత పడాలి. రెండు లక్షల చొప్పున నాలుగుగా వేస్తే కావలసినంతే ఒకటి తీయొచ్చు, కోత అర శాతంతో సరి. ఒకదాన్ని ఆరు నెలలకు, ఒకదాన్ని ఏడాదికి, అలా గడువులు మార్చి వేస్తే ఏదో ఒకటి ఎప్పుడూ చివరికి దగ్గరగా ఉంటుంది.

సంతకాల సంగతి మాత్రం చాలామంది గమనించరు. భార్యాభర్తలు ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అని వేసుకున్న డిపాజిట్‌ను గడువు తీరాక ఎవరైనా ఒక్కరు తీసుకోవచ్చు. గడువుకు ముందు తీయాలంటే మాత్రం ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆయన ఐసీయూలో ఉన్న రోజే ఆమెకు ఆ సంగతి తెలుస్తుంది. ఒకరు పోతే, మిగిలినవాళ్లు ముందే తీసుకోవడానికి పోయినవారి వారసుల సమ్మతి కూడా అడుగుతారు. గడువుకు ముందైనా ఒక్కరే తీసుకోవచ్చని ఇద్దరూ కలిసి ముందుగానే మాండేట్ రాసిచ్చి ఉంటే ఈ రెండు చిక్కులూ ఉండవు. అది డిపాజిట్ వేసే రోజే ఇవ్వాలనేం లేదు. ఇప్పటికే నడుస్తున్న డిపాజిట్‌కు కూడా ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్న ఏదో ఒక రోజు బ్రాంచికి వెళ్లి ఇవ్వొచ్చు.